మేస్త్రీ గొంతు

శాలువా కప్పి మనిషిని పనిలోంచి తీసేయడం మన ఊళ్లలో మర్యాదస్తులు కనిపెట్టిన పద్ధతి. తిట్టి పంపితే ఎదురు తిరుగుతాడు. దండ వేసి పంపితే దండం పెట్టి పోతాడు. పత్తియార్డు ఫుట్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి మేనేజరుగా, కోచ్‌గా, గొంతుగా ఉన్న దేవేంద్రప్పకు ఆ శుక్రవారం సాయంత్రం అదే జరిగింది. జరుగుతున్నంతసేపూ ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

ఆదోని మైదానంలో రేకుల షెడ్డు ముందు కుర్చీలు వేశారు. యార్డులో హమాలీల మేస్త్రీగా పని ముగించుకుని, తలలో చిక్కుకున్న దూది పింజలు దులుపుకుంటూ వచ్చిన ఆయన్ని జట్టు అధ్యక్షుడు భీమసేనరావు మాస్టారు చేయి పట్టుకుని తీసుకుపోయి నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. మాస్టారు రిటైరైన తెలుగు పండితుడు. ఆట గురించి ఆయనకు తెలిసింది తక్కువే కానీ సభ అంటే ప్రాణం. గొంతు సవరించుకుని, "మన దేవేంద్రప్ప గారి సేవలు చిరస్మరణీయములు. చెమటోడ్చి ఈ జట్టును కన్నబిడ్డ వలె పెంచినారు. ఇకమీదట వీరి అపారమైన అనుభవాన్ని గౌరవ సలహాదారు హోదాలో మనం వినియోగించుకుందాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరితోపాటు దేవేంద్రప్ప కూడా కొట్టాడు.

ఫోటో అయిపోయాక ఆయన దండ తీసి కుర్చీకి తగిలించి, పంచె ఎగగట్టి, ఎప్పటిలాగే మైదానంలోకి నడిచాడు.

"లేయండప్పా, పొద్దు పోతాంది. రౌండు కొట్టండి" అని కేకేశాడు.

ఎవరూ కదల్లేదు. ఆ కేకకు వాళ్లు కదలకపోవడం ఎన్నడూ లేదు. యార్డులో అయినా, మైదానంలో అయినా దేవేంద్రప్ప నోరు తెరిస్తే కాళ్లు వాటంతట అవే లేచేవి. ఆయన జట్టు వైపు చూశాడు. జట్టు షెడ్డు వైపు చూసింది. అక్కడ యేసేపు బంతుల సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఇదే జట్టుకు గోలీగా ఆడిన మనిషి. ఇప్పుడు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. నలుగురిలో ఉంటే ఉన్నాడని గుర్తు చేయాల్సినంత నెమ్మదస్తుడు.

"అంటే... అవన్నీ ఇంక యేసేపు చూసుకుంటాడు దేవేంద్రప్పా. మీరు ఇలా వచ్చి కూర్చోండి" అన్నాడు భీమసేనరావు, ఎంతో ప్రేమగా.

దేవేంద్రప్ప కొడుకు ఉమేష్ అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. యార్డులో తండ్రి కిందే హమాలీ, జట్టులో వెనక కాపు వాడిదే. తండ్రి తన వైపు చూడబోతున్నాడని తెలిసి వాడు వంగి బూటు తాడు కట్టుకున్నాడు. కట్టిన తాడే మళ్లీ విప్పి కట్టుకున్నాడు.

ఇంట్లో గంగమ్మ శాలువాను చూసి, "ఏందిది, ఎవురిదన్నా పెండ్లా?" అని అడిగింది.

"నన్ను తీసేసినారు."

"శాలువా కప్పినారే?"

"అందుకే కప్పినారు" అన్నాడు దేవేంద్రప్ప.

తీసేయడానికి కారణం లేకపోలేదు. ఆ ఏడాది లీగులో జట్టు తుగ్గలితో ఒక్క ఆట సమానం చేసుకుంది. మిగతావన్నీ ఓడింది. అడుగున నిలిచిన జట్టును వచ్చే ఏడు లీగులోకి తీసుకోరు. లీగులో లేని జట్టుకు మైదానం ఇవ్వరు. అప్పుడు సాయంత్రం పూట హమాలీ కుర్రాళ్లకు సారా దుకాణం తప్ప పోయే చోటు ఉండదు. మిగిలినవి రెండే ఆటలు. ఇదంతా దేవేంద్రప్పకు తెలియనిది కాదు. ఓడిపోయినందుకు తీసేస్తే ఆయన ఓర్చుకునేవాడేమో. తనకు ముందు ఒక్క మాటైనా చెప్పకుండా, తన చేతే చప్పట్లు కొట్టించారే, అది ఆయన ఓర్చుకోలేకపోయాడు.

ఆదివారం ఆదోనిలోనే పత్తికొండ జట్టుతో ఆట. చూడ్డానికి పోనని గంగమ్మతో తెగేసి చెప్పి, మధ్యాహ్నం అన్నం తిని, చెప్పులు వేసుకుని, అటే పోయాడు. షెడ్డు పక్కన ఆయన కోసం కుర్చీ వేసి ఉంది. దాని దగ్గరికి పోలేదు. ప్రహరీ గోడ బయట ఆగిన ఖాళీ లారీ ఎక్కి, క్యాబిన్ మీద చేతులాన్చి నిలబడ్డాడు.

మనసులో ఆయన కోరుకుంటున్నది ఒకటే. ఓడిపోవాలి. బాగా ఓడిపోవాలి. సాయంత్రానికి భీమసేనరావు మాస్టారు తన గుమ్మం ముందు నిలబడాలి. కొడుకు ఆడుతున్న జట్టు గురించి అట్లా కోరుకోవడం తప్పని తెలిసే కోరుకున్నాడు.

మొదట్లో ఆయన కోరిక తీరేటట్టే ఉంది. కుర్రాళ్లు మేనేజరుండే పక్క గీత వైపు చూడటం, అక్కడి నుంచి ఏ మాటా రాకపోవడం, బంతి పోగొట్టుకోవడం. గీత దగ్గర యేసేపు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వాన కోసం చూస్తున్న రైతులా ఊరికే చూస్తున్నాడు. "సెప్పురా! ఏమన్నా సెప్పు!" అని దేవేంద్రప్ప పళ్లు కొరికాడు. యేసేపు చెప్పలేదు.

కొంతసేపటికి జట్టులో ఏదో మారింది. కుడి వైపు ఆడే తిక్కయ్య విసుగొచ్చి, "ఉమేషా, నాకియ్యిరా, నాకు!" అని అరిచాడు. ఉమేష్ ఇచ్చాడు. ఇంకొకడు ఎడమ నుంచి అరిచాడు. గోలీ కూడా వెనక నుంచి ఏదో చెప్పాడు. ఒకరినొకరు పిలుచుకుంటూ, తిట్టుకుంటూ ముందుకు కదిలారు. హాఫ్ టైంకు కాస్త ముందు తిక్కయ్య గోలు కొట్టాడు. లారీ మీద దేవేంద్రప్పకు తెలియకుండానే చేతులు పైకి లేచాయి. వెంటనే దించుకున్నాడు.

ఆట చివరికొచ్చింది. ఇంకా ఆదోనే ఒక గోలు ముందుంది. మైదానం మధ్యలో బంతి ఉమేష్ కాళ్ల ముందుకు దొర్లుతోంది. వాడు దాన్ని అందుకోవడానికి ముందుకు ఉరికాడు. వాడి వెనక బోలెడంత ఖాళీ. పత్తికొండ కుర్రాడు ఆ ఖాళీలోకి పరుగెడుతున్నాడు. దేవేంద్రప్పకు అది కనిపించింది. కనిపించాక ఆగడం ఆయనకు చేతకాదు.

"ఉమేషా! యెనక్కి! యెనక్కి రారా!"

యార్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడే గొంతు అది. మైదానమంతా వినబడింది. బంతి పత్తికొండ వాళ్లకు దొరికింది. ఆ ఖాళీలోంచే పోయి గోలులో పడింది. ఆట సమానమైంది.

నేను చెప్పినట్టు వెనక్కి వచ్చుంటే గోలు పడేదా, అనుకుంటూ లారీ దిగాడు దేవేంద్రప్ప. రాత్రి అన్నాల దగ్గర అదే అడిగాడు.

"అంత గట్టిగా అరిసినా గదా, ఇనపడల్యా నీకు?"

ఉమేష్ ముద్ద కలుపుతూ తల ఎత్తలేదు. "ఇనపడినాది నాయనా" అన్నాడు. తండ్రి ముందు వాడు మాట్లాడే మాటలు ఎప్పుడూ అంతే.

సోమవారం పొద్దున తిమ్మక్క హోటల్ దగ్గర టీ తాగుతున్న వాళ్లందరూ ఫుట్‌బాల్ పండితులే. ఇన్నాళ్లూ ఓడిన జట్టు పత్తికొండను ఆపిందంటే కారణం ఉండి తీరాలి కదా. టమాటా సీజను కాబట్టి పత్తికొండలో మంచి ఆటగాళ్లందరూ మార్కెట్లో ఉండిపోయారని ఒకడన్నాడు. కొత్త మేనేజరు వస్తే ఎవరి చోటు పోతుందోనని భయం, ఆ భయానికి ఆడారని ఇంకొకడన్నాడు. యేసేపు ఆటకు ముందు ప్రార్థన చేయించాడని ఎవరో అంటే, అతను కనీసం మంచినీళ్లు తాగమని కూడా చెప్పలేదని మరొకడు కొట్టిపారేశాడు.

"నువ్వేమంటావు మేస్త్రీ?" అని తిమ్మక్క గాజు గ్లాసు అందిస్తూ అడిగింది.

"గాలివాటం" అన్నాడు దేవేంద్రప్ప. "ఎమ్మిగనూరులో తెలుస్తాది. ఆడ సూడు."

వచ్చే ఆదివారం ఎమ్మిగనూరులో చివరి ఆట. గెలిస్తేనే జట్టు లీగులో నిలుస్తుంది. సమానమైనా లాభం లేదు. ఎమ్మిగనూరును వాళ్ల ఊళ్లో ఓడించిన జట్టు ఈ ఏడాది లేదు.

రెండు రోజులు కోపం మింగుకుని, బుధవారం సాయంత్రం దేవేంద్రప్ప యేసేపు దగ్గరికి పోయాడు. పోట్లాటకే పోయాడు. మిల్లు గేటు పక్కన చిన్న గది, గది ముందు స్టూలు, స్టూలు మీద యేసేపు. మేస్త్రీ రావడం చూసి లేచి, స్టూలు ఇచ్చి, తాను గేటు దిమ్మె మీద కూర్చున్నాడు.

"నా పిల్లోళ్లకు ఏం మందు పెట్టినావురా?" అన్నాడు దేవేంద్రప్ప కూర్చోకుండానే.

"నేనేం పెట్టల్యా మేస్త్రీ."

"నా కుర్సీలో కూసున్న్యావు. నీకు తెలుసునా, తెలీదా? ముందే తెలుసునా?"

"బేస్తవారం సెప్పినారు" అని ఒప్పుకున్నాడు యేసేపు. "నీకు సెప్పినాకే వస్తానంటి. సెప్పినామనిరి. ఆడ నువ్వు రౌండు కొట్టమన్నెప్పుడు తెల్సినాది నాకు, సెప్పల్యా అని. అది తప్పే. వాళ్లది తప్పు, నమ్మినందుకు నాదీ తప్పు."

ఎదురు మాట్లాడితే మీద పడదామని వచ్చిన దేవేంద్రప్పకు ఆ మాటతో సగం బలం పోయింది. స్టూలు మీద కూర్చున్నాడు. మిల్లు లోపల జిన్నింగు యంత్రాలు ఒకటే హోరు. పత్తి లారీ ఒకటి వస్తే యేసేపు లేచి గేటు తీసి, నంబరు చూసి, మళ్లీ వేసి వచ్చాడు.

"మొన్న గోలు పోయినాది సూసినావా?" అన్నాడు దేవేంద్రప్ప. "నేను అరిసినా. ఇన్న్యాడా ఉమేషు? ఇనుంటే ఆట గెలిసేటోళ్లు."

"ఇన్న్యాడు మేస్త్రీ."

"యాడ ఇన్న్యాడు!"

"నువ్వు అరిసినెప్పుడు దేన్ని సూస్తాంటివి?"

"బంతిని."

"నేను మనుషుల్ని సూస్తాంటి" అన్నాడు యేసేపు. "నువ్వు అరిసినావు. మనోళ్లంతా నీ పక్కకి తిరిగినారు. గోలీ గూడా. పత్తికొండోళ్లు తిరగల్యా, వాళ్లకు నీ గొంతు తెలీదు గదా. ఉమేషు బంతికి కాలు సాపినాడు. ఇంగ జానెడు ల్యాదు. అట్లే నిలబడిపాయ. నువ్వు అరసకుంటే ఆ బంతి వాడిదే."

"నేను సెప్పింది తప్పా?" అన్నాడు దేవేంద్రప్ప. గొంతు తగ్గింది.

"తప్పు గాదు. నేను గోలులో నిలబడినన్నాళ్లు నువ్వు సెప్పింది ఎప్పుడూ తప్పు గాదు. కుడి పక్క వస్తాడంటివి, కుడి పక్కే వస్తాండె. కానీ నువ్వు సూసి, అరిసి, అది నేనిని, కదిలేలోపల అయిపోతాండె మేస్త్రీ. నేను సూసింది ఒకటి, నువ్వు సెప్పేది ఇంగొకటి. ఏది సేయాల్నో తెలక నిలబడుకుంటాంటి. యార్డులో దూది బేలు నీ మాట కోసరం కాసుకోనుంటాది. బంతి కాసుకోదు."

"ఇన్నేండ్లు ఈ మాట ఎందుకు సెప్పల్యా నువ్వు?"

యేసేపు నవ్వాడు. నవ్వులో వెక్కిరింత లేదు. "నీ ముందర ఎవురు సెప్తారు?" అన్నాడు.

దేవేంద్రప్ప లేచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఎమ్మిగనూరుకు రావద్దంటావా?" అని అడిగాడు.

"నిన్ను రావద్దనేటంత మనిషిని గాను" అన్నాడు యేసేపు. వచ్చి ఏం చేయాలో, ఏం చేయకూడదో అతను చెప్పలేదు.

గురువారం దూది అదిమే ప్రెస్సు నుంచి లారీకి బేళ్లు ఎక్కించే పని పడింది. ఒక్కో బేలు క్వింటాలున్నర పైన ఉంటుంది. గట్టిగా అదిమి, ఇనుప పట్టీలు బిగించిన దూది. లారీకి రెండు పలకలు ఆనించి, కింద నలుగురు భుజాలు పెట్టి నెట్టాలి. పైన ఇద్దరు కొక్కేలు వేసి లాగాలి. ఆరుగురి బలం ఒక్క క్షణంలో పడాలి. ఒకడు ముందు నెట్టినా, ఒకడు వెనక పడినా బేలు పలక మీద పక్కకు తిరుగుతుంది. తిరిగితే కింద ఉన్నవాడి కాలు మిగలదు. అందుకే మేస్త్రీ కేక వేసేదాకా ఎవడూ ఊపిరి కూడా వదలడు. దేవేంద్రప్ప హమాలీ జట్టులో ఇన్నేళ్లలో ఒక్క కాలు విరగలేదు. యార్డులో వేరే మేస్త్రీలు కూడా ఆ సంగతి ఒప్పుకుంటారు.

"ఏయ్... ఎత్తు!"

బేలు లేచింది. ఇంకొకటి. మరొకటి. ఆయన గొంతు, వాళ్ల భుజాలు ఒక్కటిగా కదులుతున్నాయి. ఎప్పుడూ చూసే పనే. ఆ రోజు మాత్రం దేవేంద్రప్ప బేలును చూడలేదు. యేసేపు చెప్పినట్టు మనుషుల్ని చూశాడు.

తర్వాతి బేలుకు అందరూ భుజాలు పెట్టారు. ఆయన నోరు తెరిచి, కేక వేయకుండా ఊరుకున్నాడు. ఆరుగురూ అట్లాగే వంగి ఉన్నారు. మెడ నరాలు ఉబ్బాయి, చెమట గడ్డాల నుంచి కారుతోంది. ఎవరూ బేలును చూడ్డం లేదు, పలకను చూడ్డం లేదు. అందరి కళ్లూ ఆయన నోటి మీదే. కింద వరుసలో కుడి వైపు ఉమేష్. వాడి చెంప బేలుకు అదిమి ఉంది. కళ్లు మాత్రం పక్కకు తిరిగి తండ్రి పెదాల దగ్గర నిలిచి ఉన్నాయి. రెప్ప కూడా వేయడం లేదు.

ఇన్నాళ్లూ ఆ చూపు చూసి ఆయన గర్వపడేవాడు. ఇప్పుడు గర్వం రాలేదు. వీడు పుట్టినప్పటి నుంచి ఇట్లాగే చూస్తున్నాడు. బడికి పోవాలా, యార్డుకు రావాలా, అన్నం తినాలా, పడుకోవాలా, అన్నిటికీ ఈ నోటి వైపే. ఇక్కడ ఈ చూపు వాడి కాలు కాపాడుతుంది. ఇదే చూపును తాను మైదానంలోకి కూడా తీసుకుపోయాడు. ఇంటికి కూడా తీసుకుపోయాడు.

"మేస్త్రీ..." అని ఎవరో మూలిగారు.

"ఎత్తు!" అన్నాడు దేవేంద్రప్ప ఉలిక్కిపడి. బేలు లేచింది.

పని అయ్యాక ఉమేష్ నీళ్ల కుండ దగ్గర భుజం రుద్దుకుంటూ నిలబడ్డాడు. దేవేంద్రప్ప దగ్గరికి పోయాడు. ఏదో అడగాలని ఉంది. మొన్న నిన్ను ఆపింది నేనేనా అని అడగాలని ఉంది. కొడుకును ఒక సంగతి అడిగి జవాబు కోసం నిలబడటం ఆయనకు అలవాటు లేని పని. "సున్నం రాస్కోపో భుజానికి" అని మాత్రం అన్నాడు. ఉమేష్ తలూపాడు.

ఆదివారం జట్టు టెంపోలో పొద్దున్నే ఎమ్మిగనూరు పోయింది. దేవేంద్రప్ప మధ్యాహ్నం బస్సులో ఒక్కడే పోయాడు. పోకుండా ఉండటమే మంచిదని దారి పొడుగునా అనుకున్నాడు. అనుకుంటూనే బస్సు దిగి, దారి అడుగుతూ మైదానం చేరాడు.

మగ్గాలు ఆపి వచ్చిన వాళ్లు, సంతకు వచ్చి ఆగిన వాళ్లు, గోనెగండ్ల నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చిన వాళ్లు గీతల చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. గీతకు అవతల భీమసేనరావు మాస్టారు గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన ఒక ఖాళీ కుర్చీ. దేవేంద్రప్ప ఎదురు వైపు, జనం వెనకాల చెరకు రసం బండి చాటున చోటు చూసుకున్నాడు. బండి ఇనుప చట్రం మీద కాలు పెడితే తలల మీదుగా మైదానం కనిపిస్తుంది.

ఎమ్మిగనూరు వాళ్లు వేగంగా ఆడారు. హాఫ్ టైం దాకా బంతి ఆదోని వైపే తిరిగింది. అది అటు వచ్చిన ప్రతిసారీ దేవేంద్రప్ప కడుపులోంచి కేక పైకి లేచేది. మొదటిసారి దాన్ని దగ్గుగా మార్చాడు. రెండోసారి సగం బయటికి వచ్చింది, చెరకు మిషను చప్పుడులో కలిసిపోయింది. మూడోసారి ఇంక తన మీద తనకు నమ్మకం లేక, భుజాన ఉన్న తువ్వాలు కొస ఉండ చుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

రసం అమ్మేవాడు వింతగా చూశాడు. "పంటి నొప్పా పెద్దాయనా?"

దేవేంద్రప్ప అవునని తలూపాడు.

"లవంగం పెట్టుకో, తగ్గుతాది."

హాఫ్ టైం అయింది. రెండో సగం సగానికి వచ్చింది. గోలు లేదు. సమానమైతే జట్టు పోయినట్టే. కుర్రాళ్లు అలిసిపోయారు. అయినా వాళ్ల మాటలు ఆగలేదు. "తిక్కా, నీ యెనక!" "నేనుండా, నేనుండా!" "ఇడిసిపెట్టు, వాడు పోనీ!" దేవేంద్రప్ప కళ్లు మూసుకుని కూడా ఆట ఎక్కడ ఉందో చెప్పగలిగేవాడు, అంతగా మాట్లాడుకుంటున్నారు. ఆ గొంతుల్లో అన్నిటికంటే పెద్దది ఒకటి ఉంది. బరువుగా, గట్టిగా, జనం గోల దాటుకుని వస్తోంది. ఎవరిదబ్బా ఇది అని చూశాడు. ఉమేష్‌ది. కొడుకు గొంతు అంత పెద్దదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు ఎమ్మిగనూరు వాళ్లకు కార్నర్ వచ్చింది. బంతి గాలిలోకి లేచి, ఎవరి తలకో తగిలి, ఆదోని గోలు ముందే ఉమేష్ కాళ్ల దగ్గర పడింది. వాడి మీదికి ఇద్దరు ఉరికి వస్తున్నారు. బయటికి కొట్టు. బంతిని గీత బయటికి కొట్టెయ్, ప్రాణం దక్కించుకో. దేవేంద్రప్ప ఒళ్లంతా ఆ మాటే అయింది. పళ్లు తువ్వాలులోకి దిగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అరవలేదు.

ఉమేష్ బయటికి కొట్టలేదు. ఎటూ చూడలేదు. బంతిని ఒక పక్కకు తోసి, వచ్చిన ఇద్దరి మధ్యలోంచి బయటపడి, ముందుకు పరుగెత్తాడు. తండ్రి మేనేజరుగా ఉన్నన్నాళ్లూ వాడు మైదానం సగం గీత దాటి ఎరగడు. వెనక కాపు వాడు గీత దాటకూడదు, అది మేస్త్రీ శాసనం. వాడు గీత దాటాడు. "తిక్కా! పో!" అని అరుస్తూ బంతి ఇచ్చాడు. ఆగకుండా తానూ ఉరికాడు. తిక్కయ్య కుడి అంచున పరుగెత్తి, మళ్లీ వాడికే ఇచ్చాడు. కార్నర్ కోసం ముందుకు వచ్చేసిన ఎమ్మిగనూరు వాళ్లు వెనక్కి చేరేలోపల ఉమేష్ గోలీ ఎదుట నిలబడి ఉన్నాడు. మెల్లగా, గడప దాటించినట్టు బంతిని గోలు గీత దాటించాడు.

జనం గోల ఏమైందో, రసం బండివాడు ఏమన్నాడో దేవేంద్రప్పకు తెలియదు. నోట్లోంచి తువ్వాలు తీశాడు. తాను అరిచి ఉంటే ఈ గోలు లేదు. అది మాత్రం ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేకుండా తెలిసింది. సంతోషం కలిగింది. దాని వెనకే దుఃఖం కూడా వచ్చింది. ఇన్నేళ్ల ఓటములు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి, ఒక్కోదాని దగ్గర తన గొంతు తనకే వినబడింది.

చివరి ఈల దాకా ఆగాడు. కుర్రాళ్లు యేసేపును బకెట్టు మీదనుంచి లేపి భుజాల మీదికి ఎత్తుకోవడం, అతను సిగ్గుపడి కాళ్లు కొట్టుకోవడం, భీమసేనరావు మాస్టారు గొడుగు పారేసి ఉపన్యాసానికి సిద్ధం కావడం చూశాడు. ఎవరూ చూడకముందే బస్టాండు వైపు నడిచాడు.

బస్సు రాకముందే టెంపో వచ్చింది. దూరం నుంచే కేకలు, ఈలలు. బస్టాండు ముందు నెమ్మదించగానే వెనక తలుపు మీద వేలాడుతున్న ఉమేష్ తండ్రిని చూసి కిందికి దూకాడు. ఒంటి నిండా మట్టి, మోకాలి దగ్గర రక్తం. ఉరికి వచ్చాడు.

"నాయనా! ఈడున్న్యావా! నువ్వు రాలేదనుకున్న్యాం. ఆటంతా నీ గొంతు ఇనపల్యా."

దేవేంద్రప్ప కొడుకు మొహంలోకి చూశాడు. ఆ కళ్లు తన పెదాల మీద లేవు. సరిగ్గా తన కళ్లలోకే చూస్తున్నాయి. ఎదురుగా ఎండిన చెరువు మొదటి వానకు నిండినట్టు మాటలు నిండి ఉన్న మొహం. చెప్పడానికి తొందర పడుతోంది. వెనక టెంపోలోంచి యేసేపు చూస్తున్నాడు. మైదానం దగ్గర చెరకు బండి చాటున ఎవరు నిలబడ్డారో అతనికి తెలుసో తెలియదో, బంతుల సంచి ఒళ్లోకి లాక్కున్నాడు.

"బస్సు దొరకల్యా" అన్నాడు దేవేంద్రప్ప. "ఇప్పుడే దిగినా. ఆట సూడల్యా నేను."

"అయ్యో, సూడల్యా?" అన్నాడు ఉమేష్. చేయి పట్టుకుని టెంపో ఎక్కించాడు. కుర్రాళ్లు జరిగి చోటిచ్చారు. బండి ఆదోని దారి పట్టింది. ఉమేష్ తండ్రికి ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు చేతులూ తిప్పుతూ మొదలుపెట్టాడు.

"కార్నర్ కొట్టినారు నాయనా వాళ్లు. బంతి వచ్చి నా ముందరే పడినాది. నువ్వుంటే బయటికి కొట్టమనేటోడివి గదా?"

"అనేటోడినే" అన్నాడు దేవేంద్రప్ప. "మల్ల ఏం సేసినావు?"

ఉమేష్ చెప్పసాగాడు. మధ్యలో తిక్కయ్య అడ్డుపడితే వాడిని తోసేసి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. దేవేంద్రప్ప తలూపుతూ, ఎక్కడా ఒక్క మాట కూడా దిద్దకుండా విన్నాడు.